పెట్రోల్ ముల్లు అబద్ధమాడితేనే అందం

నిజం చెప్పే పెట్రోల్ ముల్లు ఉన్న బండి మీద నాకు గౌరవం లేదు. అలాంటి బండి నడిపేవాళ్ళ మీద అసలే లేదు!

కోప్పడకండి. ముందు నేను చెప్పేది ఆసాంతం వినండి. ట్యాంకులో సగం ఉంటే సగం, పావు ఉంటే పావు అని ఉన్నదున్నట్టు చెప్పేసే ముల్లు వల్ల మనిషికి ఒరిగేదేమిటి? చూస్తాడు, బంకులో ఆగుతాడు, పోయించుకుంటాడు, పోతాడు. ఇదీ ఒక ప్రయాణమేనా? ఈమాత్రం దానికి ఇల్లు కదలడం ఎందుకు? కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటే సరిపోదా?

నాకొక టూరింగ్ బైక్ ఉంది. దూరాలు తిరగడానికే పుట్టిన బండి అని కంపెనీవాళ్ళు చెప్పారు. ఎక్కాలంటే కాలు నడుం దాకా ఎత్తాలి, స్టాండు తీయాలంటే మనసులో దేవుణ్ణి తలుచుకోవాలి. రెండు పక్కలా రెండు పెట్టెలు, ముందు గాలి కొట్టకుండా ఒక పెద్ద అద్దం. హ్యాండిల్ మధ్యలో అరచెయ్యంత స్క్రీన్. ఆ స్క్రీన్ చెప్పని సంగతంటూ లేదు. బయట ఎండ ఎంత ఉందో చెబుతుంది. ఉత్తరం ఎటుందో చెబుతుంది. మలుపులో బండి ఎంత వంగిందో చెబుతుంది. మా మేనత్త ఫోన్ చేస్తోందని చెబుతుంది. నేను ఎత్తకపోతే ఇది మూడోసారి అని కూడా చెబుతుంది.

ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉందో చెప్పే బాధ్యత మాత్రం ఆ స్క్రీన్ పక్కనున్న చిన్న గుండ్రటి డయల్‌ది. అందులో ఒక ముల్లు ఉంది. ఆ ముల్లు ఎవరి మాటా వినే రకం కాదు.

ఎత్తు ఎక్కుతుంటే ఖాళీ అంటుంది. పల్లం దిగుతుంటే ఫుల్ అంటుంది. ఎడమకు తిరిగితే సగం, కుడికి తిరిగితే పావు. ఒకసారి ట్యాంకు పూర్తిగా ఎండిపోయి, రోడ్డు పక్కన స్టాండు వేసి, తాళం తిప్పి చూశాను. ముల్లు నిలువునా లేచి ఫుల్ దగ్గర నిలబడింది. ఆ క్షణంలో అది నా వైపు చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను.

అలాంటి ముల్లుతో ఆరేళ్ళు కాపురం చేశాను. చేసిన అనుభవంతో చెబుతున్నాను, ఇది శాపం కాదు, వరం!

బండి తోయడం ఎంత మంచి వ్యాయామమో మీకు తెలుసా? మా ఆఫీసులో నా పక్క సీటాయన రోజూ జిమ్‌కి వెళ్ళి, ఒక పట్టా మీద గంటసేపు పరిగెత్తి, ఎక్కిన చోటే దిగి వస్తాడు. ఆయన్ని చూస్తే జాలేస్తుంది. నేను వేసిన ప్రతి అడుగూ పెట్రోల్ బంకు వైపే. ఆయన కండలకి గమ్యం లేదు, నా కండలకి ఉంది.

ఇక చెవి సంగతి. మనలో ఎంతమందికి చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయి? నాకు పనిచేస్తున్నాయి. రోజూ పొద్దున మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండి పక్కన నిలబడి, రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపుతాను. తర్వాత వంగి, ట్యాంకుకి చెవి ఆనిస్తాను. 'గుబుక్ గుబుక్' అంటే రెండు వందల కిలోమీటర్లు. 'గళగళ' అంటే వంద. 'చిలక్' అని ఒక్కసారి అని ఊరుకుంటే బంకు దాకా. ఏమీ అనకపోతే ఆ రోజు బస్సు.

మా పై అంతస్తులో కొత్తగా దిగిన పెద్దాయన పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. నాలుగు రోజులు బాల్కనీలోంచి ఈ తతంగం చూశారు. ఐదో రోజు కిందికి దిగి వచ్చి, గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా అడిగారు.

"ఎన్నో నెల బాబూ?"

చూశారా! ముల్లు సరిగ్గా ఉంటే ఆయనా నేనూ ఇన్నాళ్ళకీ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళమా? ఇప్పుడు రోజూ పలకరించుకుంటున్నాం. బండి ఎలా ఉందని ఆయనే ముందు అడుగుతారు. మేత సరిగ్గా పడుతోందా అని కూడా అడుగుతారు.

పరిచయాలంటే గుర్తొచ్చింది. నిజం చెప్పే ముల్లు ఉన్నవాడికి దారిలో ఎవరు పరిచయమవుతారు? ఎవరూ కారు. ఝామ్మని పోతాడు. నాకు మాత్రం రోడ్డు పొడుగునా చుట్టాలే. తేనెటీగలు పెంచే ఒకాయన తన మోటారు ఇంజన్‌లోంచి గొట్టం పెట్టి నాకు లీటరు పెట్రోల్ తీసి ఇచ్చాడు. ఆయన ఇచ్చింది లీటరు పెట్రోల్, ఆయన ఈగలు ఇచ్చింది వేరే. ఒక లారీ డ్రైవర్ నా బండికి తాడు కట్టి ఏడు కిలోమీటర్లు లాక్కెళ్ళాడు. వెనక నేనున్నానన్న సంగతి నాలుగో కిలోమీటర్ దగ్గర మరిచిపోయాడు. ఇంకొక ఊళ్ళో ఫొటో స్టూడియో ఆయన, నేను ఎండలో బండి తోస్తుంటే ఫొటో తీసి షాపు అద్దంలో పెట్టుకున్నాడు. కింద పెద్ద అక్షరాలతో 'పట్టుదల' అని రాశాడట. మా బంధువులు అటు వెళ్ళినప్పుడల్లా చూసి వచ్చి చెబుతుంటారు.

లెక్కల మాటేమిటి? స్కూల్లో లెక్కల్లో మూడుసార్లు తప్పినవాణ్ణి నేను. ఇవాళ నడుస్తున్న బండి మీద, నోటితో పైకి అనకుండా, మొన్న పోయించింది ఎంత, నిన్న తిరిగింది ఎంత, ఎదురుగాలి ఎంత, రోడ్డు వాలు ఎంత, వెనక కూర్చున్న మనిషి బరువు ఎంత అన్నీ కలిపి, తీసేసి, భాగించి జవాబు చెప్పగలను. జవాబు తప్పే వస్తుంది, అది వేరే విషయం. వెనక మనిషి బరువు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మనసులోనే వేసుకోవాలి. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

మాకొక టూరింగ్ బృందం ఉంది. ఆరుగురం. ఆరుగురివీ ఇదే మోడల్ బండ్లు, ఆరు ముళ్ళూ ఆరు రకాలు. నెలకోసారి ఆదివారం పొద్దున్నే బయల్దేరతాం. బయల్దేరే ముందు ఎవరి పద్ధతిలో వాళ్ళు పెట్రోల్ చూసుకుంటారు. ఆ దృశ్యం చూడటానికి రెండు కళ్ళూ చాలవు.

మా పళ్ళ డాక్టరు ట్యాంకు మూత తీసి, పిడి ఉన్న చిన్న అద్దం లోపలికి పెట్టి, "కొంచెం పెద్దగా తెరవండి" అంటాడు. అలవాటులో పొరపాటు. మా టైలర్ టేపు లోపలికి దించి, పైకి తీసి, తడి ఎక్కడి దాకా ఉందో చూసి, "నాలుగున్నర. ఒక అంగుళం లూజు పెట్టుకుందాం" అంటాడు. మా హెడ్మాస్టరుగారు ఇవేవీ చేయరు. డయల్ మీద వేలితో రెండుసార్లు గట్టిగా కొట్టి, "నిజం చెప్పు" అంటారు. ముల్లు భయపడి కొంచెం కదులుతుంది. కదిలిన చోటుని ఆయన ఒప్పుకోలుగా తీసుకుంటారు.

పోయినేడాది మాలో ఏడో మనిషి చేరాడు. బుద్ధిమంతుడే, కానీ ఆయన బండికి ముల్లు సరిగ్గా పనిచేసేది! మొదటి ట్రిప్పులో టీకి ఆగినప్పుడు మేమందరం ట్యాంకులు ఊపుకుంటూ, తడుముకుంటూ మాట్లాడుకుంటుంటే, ఆయన అమాయకంగా, "నాది సగం ఉంది" అన్నాడు.

"మీకెలా తెలుసు?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ముల్లు చూపిస్తోంది కదండీ."

హెడ్మాస్టరుగారు టీ గ్లాసు కింద పెట్టి దూరంగా కొండల వైపు చూశారు. ఏం మాట్లాడతాం చెప్పండి? రెండో ట్రిప్పులో ఆయన కూడా మాతో కలవాలని ట్యాంకుకి చెవి ఆనించి చూశాడు గానీ, మొహంలో ఆ ఆత్రం ఎక్కడిది? మూడో ట్రిప్పుకి రాలేదు. నిజం చెప్పే ముల్లు మనిషిని ఎంత ఒంటరివాణ్ణి చేస్తుందో చూశారా!

నేను మొదటి నుంచీ ఇంత జ్ఞానినేం కాదు. బండి కొన్న కొత్తలో నాకూ కోపం వచ్చింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి అరిచాను. మెడలో టై, చేతిలో ట్యాబ్ ఉన్న సూపర్‌వైజర్ నా మాట మొత్తం విని, చిరునవ్వుతో, "ఈ మోడల్‌లో అంతే సార్" అన్నాడు.

ఆ మాటలో ఎంత ప్రశాంతత ఉందో! రెండో ఏడాది మళ్ళీ వెళ్ళాను. "ఈ మోడల్‌లో అంతే సార్." మూడో ఏడాది నేను నోరు తెరవబోతుంటేనే అతను నవ్వాడు. నాలుగో ఏడాది నేనే, "ఈ మోడల్‌లో అంతే కదా" అన్నాను. అతను నా భుజం తట్టాడు. గురువు దొరికినట్టయింది.

బండితో పాటు ఇచ్చిన పుస్తకం తీసి చదివితే, చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం కనిపించింది. 'ఇంధన ముల్లు చూపేది సూచన మాత్రమే.' ఎంత గొప్ప వాక్యం! అప్పటి నుంచి నేను కూడా ఆఫీసులో, "రిపోర్టు ఎప్పుడిస్తావయ్యా?" అని పై ఆఫీసరు అడిగితే, "బుధవారం సార్. అయితే నేను చెప్పే వారం సూచన మాత్రమే" అంటున్నాను. ఆయనకి ఇంకా ఈ తత్వం ఒంటబట్టలేదు.

మా ఆవిడకీ ఒంటబట్టలేదు. ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున్నించీ సాయంత్రం దాకా జనం రక్తంలో ఏది ఎంత ఉందో కొలిచి కాగితం మీద వేసే మనిషి. చుక్క అటూ ఇటూ అయితే మళ్ళీ మొదటి నుంచి కొలుస్తుంది. అలాంటి మనిషిని ఈ బండి వెనక కూర్చోబెట్టుకుని తిప్పడం నా సాహసం.

"మా మిషన్ పొద్దున తొంభై, మధ్యాహ్నం మూడొందలు, పేషెంటు ఎడమకు తిరిగితే నూటయాభై చూపిస్తే మేం ఊరుకుంటామా?" అంటుంది.

"మీ మిషన్‌కి రోడ్డు తెలుసా?" అంటాను నేను. అలా మా మధ్య మాటలు నడుస్తుంటాయి. మాటలు లేని కాపురాలు ఎన్ని లేవు? ఇది కూడా ముల్లు పుణ్యమే కదా!

అయితే ఆవిడ వెనక ఉండగా బండి మూడుసార్లు ఆగిన మాట నిజం. ఒకసారి వానలో. ఒకసారి వంతెన నడిమధ్య. మూడోసారి సాక్షాత్తూ ఆవిడ పైఅధికారి ఇంటి గేటు ముందు. ఆ పెద్ద డాక్టరుగారు లుంగీలో బయటికొచ్చి, తన కారులోంచి పెట్రోల్ తీసి ఇవ్వడానికి గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాల్సి వచ్చింది. మర్నాడంతా ఆయన పేషెంట్లకి దూరంగా జరిగి మాట్లాడారట.

ఆ సాయంత్రం మా ఆవిడ ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కుని, రిపోర్టు చదివినట్టు మెల్లగా చెప్పింది.

"ఇంకొక్కసారి నన్ను ఎక్కించుకుని దారిలో ఆపారంటే, మర్నాడే ఈ బండి అమ్మేస్తాను."

అరిచి ఉంటే నేను భయపడేవాణ్ణి కాదు. అరవలేదు. పైగా కొనే మనిషిని కూడా చూసి పెట్టింది. ఎవరనుకున్నారు? మా టైలరే! అతని బండికంటే నా బండి సీటు మెత్తగా ఉంటుందని అతనికి మొదటి నుంచీ కన్నుంది. ఒక రోజు నేను లేనప్పుడు వచ్చి కొలతలు కూడా తీసుకుపోయాడు. ఆరేళ్ళు నన్ను నమ్ముకున్న బండి! దాన్ని నేను నమ్మానా లేదా అన్నది తర్వాతి మాట.

అక్కడికి రెండు నెలలకి మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, కొండ మీద ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపు తెరిచాడు. ఆదివారం పొద్దున పది గంటలకి ప్రారంభం. రిబ్బన్ అక్కే కట్ చేయాలని పట్టుబట్టాడు. "నాకు అక్షరాలు గుర్తుపట్టడం నేర్పింది అక్క. ఇప్పుడు ఊరందరి చేతా అక్షరాలు చదివించబోతున్నాను. అక్క లేకుండా తలుపు తెరవను" అన్నాడట ఫోన్‌లో. మా ఆవిడ మర్నాడే వెళ్ళి కొత్త కత్తెర కొని సంచిలో పెట్టుకుంది.

దూరం నూట అరవై కిలోమీటర్లు. బస్సులో పోదామంది. నేను ఒప్పుకుంటానా? కొండ రోడ్డు, పొద్దుటి చల్లదనం, టూరింగ్ బైక్! ఆరుగంటలకల్లా పార్కింగ్‌లో ఉన్నాం.

"ముల్లు ఎక్కడుంది?" అంది మా ఆవిడ హెల్మెట్ పెట్టుకుంటూ.

"సగం కంటే కొంచెం కింద."

"పోయించుకుని వెళ్దాం."

నేను నవ్వాను. నా లెక్కలో సగం కంటే కొంచెం కింద అంటే ముప్పావు. అదీగాక పెద్దాయన బాల్కనీలో నిలబడి చూస్తున్నారు. బండిని ఊపాను, చెవి ఆనించాను. 'గుబుక్ గుబుక్' అని వినిపించినట్టే అనిపించింది. కొండ ఊరికి ఇది చాలు, పైగా మిగులుతుంది అన్నాను. ముల్లు రెండ్రోజులుగా అటూ ఇటూ ఊగకుండా నిదానంగా ఉండటం నేను గమనించకపోలేదు. ఇదేదో కొత్త నాటకం అనుకున్నాను.

వంద కిలోమీటర్ల దగ్గర వెనక నుంచి మళ్ళీ అడిగింది.

"ఇప్పుడెక్కడుంది?"

"పావు."

"ఆపి పోయించండి."

"పావంటే సగం. నీకు దీని భాష తెలీదు."

కొండ మొదట్లో ఒక బంకు వచ్చింది. ఒక్క బండి కూడా లేదు. నీలం చొక్కా మనిషి నన్ను చూసి పైపు చేతిలోకి తీసుకుని రమ్మని చెయ్యి ఊపాడు. ముల్లు ఎరుపుని ముద్దాడుతోంది. మా ఆవిడ నా భుజం మీద తట్టింది.

"ఏమండీ, ఈ ఒక్కసారికి దాని మాట నమ్మండి."

"అది ఎరుపు చూపిస్తోందంటే రోడ్డు ఎత్తెక్కుతోందని అర్థం. పైకెళ్ళాక మళ్ళీ లేస్తుంది చూడు" అన్నాను. నీలం చొక్కా మనిషికి బొటనవేలు చూపించి, దర్జాగా ముందుకుపోయాను. అతను పైపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

నాలుగు కిలోమీటర్లు ఎక్కాం. బండి ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి దగ్గే ఓపిక కూడా లేక ఆగిపోయింది.

టైము తొమ్మిదిన్నర. చుట్టూ కొండ, చెట్లు, నిశ్శబ్దం. కళ్ళ ముందు మా టైలర్ మెత్తటి సీటు మీద కూర్చుని పోతున్నట్టు కనిపించింది. అయినా నేను తేరుకుని, హెల్మెట్ తీసి, ఆరేళ్ళుగా చెబుతున్న మాటే మొదలుపెట్టాను.

"చూశావా, ఈ దొంగ ముల్లు మళ్ళీ..."

"దాన్ని ఏమీ అనకండి," అంది మా ఆవిడ. "అది నిజమే చెప్పింది."

నాకు అర్థం కాలేదు.

"గురువారం మీరు మీటింగుకి ఊరెళ్ళారు కదా. మా ల్యాబ్ పక్కనున్న మెకానిక్‌ని పిలిపించి బాగు చేయించాను."

ఆ మెకానిక్ నాకూ తెలుసు. ఏం చెప్పినా 'చూద్దాం' అంటాడు కాబట్టి అందరూ అతన్ని 'చూద్దాం' అనే పిలుస్తారు. ట్యాంకు లోపల పెట్రోల్ మీద తేలుతూ, ముల్లుకి కబురు పంపే చిన్న బుడ్డి ఒకటి ఉంటుందట. దాన్ని మోసే తీగ వంగిపోయిందట. చూద్దాం చూశాడు, వేళ్ళతో సరిచేశాడు. అరగంట పని.

"మరి నాకు చెప్పొచ్చుగా!" అన్నాను.

"చెబితే నమ్మరని చెప్పలేదు. చూస్తే నమ్ముతారనుకున్నాను."

ఇన్నాళ్ళూ లేనిపోని జవాబులన్నీ నా దగ్గరే ఉండేవి.

ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. పైకి పోయే బండి ఒక్కటీ రాలేదు. ఇక చేసేదేముంది? బండిని వెనక్కి తిప్పాం. ఇద్దరం ఎక్కి కూర్చున్నాం. ఇంజన్ చప్పుడు లేకుండా, హెల్మెట్లు పెట్టుకుని, పువ్వుల్లా పల్లంలోకి జారుతూ వచ్చాం. దారిలో ఒక సైకిలాయన మమ్మల్ని దాటి పోతూ మర్యాదగా బెల్లు కొట్టాడు. స్క్రీన్ మాత్రం బయట చల్లగా ఉందని, మేం దక్షిణం వైపు పోతున్నామని, మా మేనత్త నిన్న రెండుసార్లు ఫోన్ చేసిందని చెబుతూనే ఉంది.

చివరి అర కిలోమీటరు తోశాం. నీలం చొక్కా మనిషి పైపు చేతిలోకి తీసుకుని సిద్ధంగా ఉన్నాడు. నన్ను ఏమీ అడగలేదు. మా ఆవిడతో మాత్రం, "వస్తారని తెలుసమ్మా. ఈ మోడల్ వాళ్ళంతా ఇలాగే వస్తారు" అన్నాడు.

మేం షాపుకి చేరేసరికి పదకొండున్నర అయింది. కత్తెర మా ఆవిడ సంచిలో ఉంది. మా బావమరిది మొండివాడు. రిబ్బన్ అలాగే ఉంది గానీ, పిలిచిన జనం ఎంతసేపని వీధిలో నిలబడతారు? ఒక్కొక్కరే రిబ్బన్ కింద నుంచి దూరి లోపలికి పోయారు. కొందరు అప్పటికే కళ్ళజోళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నారు. ఒకావిడ రెండు జోళ్ళు కొనేసి బయటికి పోవడానికి వంగుతోంది. మా ఆవిడ బయట నిలబడి రిబ్బన్ కట్ చేసింది. లోపలున్నవాళ్ళు లోపలి నుంచే చప్పట్లు కొట్టారు. తమ్ముడు నవ్వాడు. మా ఆవిడ కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు చూడటానికి నాకు మొహం చెల్లలేదు. గంటన్నరసేపు తమ్ముడు గుమ్మంలో నిలబడి రోడ్డు వైపే చూశాడట. ఆ సంగతి లోపలున్న ముగ్గురు నాకు విడివిడిగా చెప్పారు.

జనం తగ్గాక మా బావమరిది నన్ను లాక్కెళ్ళి పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒక కన్ను మూయించి, ఇంకో కన్ను తెరిపించి, గోడ మీది అక్షరాలన్నీ చదివించాడు. చిట్టచివరి వరస, కంపెనీ పుస్తకంలో వాక్యమంత చిన్నది, అది కూడా గడగడా చదివేశాను.

"నీ కళ్ళు బంగారం బావా," అన్నాడు. "మరి అంత పెద్ద ముల్లు కనిపించలేదా?"

"కనిపించింది."

"ఎరుపులో ఉన్నట్టు కనిపించిందా?"

"కనిపించింది."

"మరెందుకు పోయించలేదు?"

పాఠకులారా, ఈ వ్యాసం మొదట్లో నేను మీకు చెప్పిన వరాలన్నీ అతనికి చెబుదామని నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు.

"నమ్మలేదురా," అన్నాను.

అంతే. కళ్ళున్నాయి, చూశాను, నమ్మలేదు. ఎండని, దిక్కుని, మేనత్తని కొలిచే స్క్రీన్ తయారు చేయగలిగిన కంపెనీకి ఒక తీగ తిన్నగా ఉంచడం చేతకాలేదు. ఆరేళ్ళపాటు టై కట్టుకున్న ఆ మనిషి ఒక్కసారి కూడా ట్యాంకు విప్పి చూడలేదు. నాకు ఒళ్ళు మండుతోంది! కానీ అంతకంటే సిగ్గుగా కూడా ఉంది. విప్పి చూడమని నాలుగో ఏడాది నుంచి నేను అడగనేలేదు. అడగడం మానేసి పొగడటం నేర్చుకున్నాను. అరగంటలో పోయే రోగానికి ఆరేళ్ళు భజన చేశాను. నా భజన కోసం ఒక తమ్ముడు గంటన్నర గుమ్మంలో నిలబడ్డాడు.

ఇదంతా నేను పైకే అనేశానట. మా ఆవిడ పక్కనే నిలబడి విన్నది. "బండి అమ్మను లెండి" అంది.

నేను కుర్చీలోంచి లేవబోయాను.

"అది నిజం చెప్పడం మొదలుపెట్టి మూడు రోజులే అయింది. ఇప్పుడు అమ్మేస్తే దానికి అన్యాయం. రేపు మాత్రం సర్వీస్ సెంటర్‌కి నేను కూడా వస్తాను. ఆ టై కట్టుకున్నాయనతో నేను మాట్లాడతాను."

సూపర్‌వైజర్ మీద నాకు మొదటిసారి జాలేసింది.

సాయంత్రం ఎండ ఉండగానే తిరుగు ప్రయాణం మొదలుపెట్టాం. ముల్లు సగం చూపించింది. ఊపలేదు, చెవి ఆనించలేదు, ముప్పావు అని మనసులో అనుకోలేదు. సగమంటే సగమే అని నమ్మి, ఆ నమ్మకం మీద నూట అరవై కిలోమీటర్లు నడిపాను. ఈ ఆరేళ్ళలో నేను అంత భయపడుతూ బండి నడిపిన రోజు ఇంకొకటి లేదు!